పగులు ఎంత, పోయే నీరెంత

ఈ పూట నీళ్ల కబుర్లు చెప్పుకుందాం. వానల గురించీ చెరువుల గురించీ రాసినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. నేను చెప్పబోయేది మూడడుగుల లోతున, పైపుకు పడ్డ సన్నటి పగుల్లోంచి, ఎవరి కంటా పడకుండా పోయే నీళ్ల సంగతి. అవి ఎన్ని నీళ్లు? లీటర్లలో చెప్పండి అని అడిగి చూడండి, ఏ ఊళ్లోనైనా సరే. "కొంచెం లీకవుతోంది" అంటారు, లేదా "బాగా లీకవుతోంది" అంటారు. కొంచెమంటే ఎంత? బాగా అంటే ఎంత? ఆ అంకె తెలియనంత కాలం మరమ్మతు వాయిదా పడుతూనే ఉంటుందని నా గట్టి నమ్మకం. పోయిన డబ్బుకు లెక్కుంటుంది కాబట్టి వెతుకుతాం. పోయిన నీళ్లకు లెక్క లేదు కాబట్టి వెతకం.

మేముండేది బగ్దల్‌లో, బీదర్ తాలూకా. ఆఫీసులో కన్నడం, సంతలో దక్కనీ, మా లాంటి ఇళ్లలో తెలుగు. 1956 నవంబరు 1కి ముందు ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పట్లో బీదర్ జిల్లాలోనే ఉండేవి. ఆ తర్వాత అవి తెలుగు రాష్ట్రం వైపు పోయాయి, మేం కన్నడ రాష్ట్రం వైపు ఉండిపోయాం. నది మాత్రం ఒకటే. మహారాష్ట్రలో బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర మా జిల్లా మీదుగా సింగూరు జలాశయానికి పోతుంది. ఆ నది నీళ్లు 1965 నుంచీ హైదరాబాద్ తాగుతోంది. మా బీదర్ వైపు తాగునీటికి ఆధారమైన కారంజా కూడా ఆ మంజీరకు ఉపనదే. అందుకని పైపు పగిలితే పోయేది మా నీళ్లా మీ నీళ్లా అన్న ప్రశ్నే రాదు.

ముందు తేలికైన లెక్కతో మొదలుపెడదాం. పగులు కాదు, గుండ్రటి చిల్లు అనుకోండి. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటిమట్టం పైపు కన్నా 15 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఇటలీలో టోరిచెల్లి 1644లో ప్రచురించిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది: చిల్లులోంచి చిమ్మే నీటి వేగమూ, అంత ఎత్తు నుంచి జారవిడిచిన రాయి కింద పడేటప్పటి వేగమూ ఒకటే. 15 మీటర్లకు అది సెకనుకు 17 మీటర్లు. గంటల్లో చెప్పుకుంటే 60 కిలోమీటర్ల పైమాటే, హైవే మీద బస్సు వేగం. నీళ్లు నెమ్మదిగా ఊరుతున్నాయి అనుకుంటాం గానీ, చిల్లు దగ్గర మాత్రం అవి దూసుకొస్తున్నాయి. మట్టి అడ్డుపడి ఆ వేగాన్ని మన కంటికి దాచేస్తుంది, అంతే.

వేగాన్ని చిల్లు వైశాల్యంతో హెచ్చిస్తే నీరెంతో వస్తుంది. కాకపోతే ఒక కోత ఉంది. నీళ్లు చిల్లు వైపు నాలుగు దిక్కుల నుంచీ ఒరుసుకుంటూ వచ్చి, బయటపడ్డాక ధార ఇంకొంచెం సన్నబడుతుంది. అందుకని వచ్చిన అంకెను 0.6తో హెచ్చించాలి. ఇంజినీర్లు వాడేది సుమారు ఇదే అంకె. ఇప్పుడు 3 మిల్లీమీటర్ల చిల్లు తీసుకోండి. నిమిషానికి 4 లీటర్ల పైచిలుకు, గంటకు 262 లీటర్లు. లైను రాత్రింబవళ్లు నిండి ఉంటే రోజుకు 6,280 లీటర్లు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలని పెట్టుకుంది. ఆ లెక్కన 114 మంది వాటా ఆ ఒక్క చిల్లులోంచి భూమిలోకి పోయినట్టే. నూట పద్నాలుగు మందిని వరసగా నిలబెట్టి చూడండి, "కొంచెం లీకు" అన్న మాట నోట రాదు.

అయితే పైపులకు ఇంత గుండ్రటి చిల్లులు పడటం తక్కువ. ఇనుప పైపు తుప్పుపట్టినచోట పడతాయి. మా పల్లెల్లో వేసేదంతా పీవీసీ, ఈమధ్య హెచ్‌డీపీఈ. పీవీసీ పగులుతుంది, అదీ ఎక్కువగా నిలువునా, పైపు పొడవునా. దుకాణంలో నాలుగు కేజీల పైపు, ఆరు కేజీల పైపు, పది కేజీల పైపు అని అడుగుతాం కదా, ఆ కేజీలు పైపు బరువు కాదు, చదరపు సెంటీమీటరు మీద అది మోయగల ఒత్తిడి. పది మీటర్ల నీటి ఎత్తు ఒక కేజీ. మరి పైపు అడ్డంగా కాక నిలువునా ఎందుకు పగులుతుంది? లోపలి ఒత్తిడి గోడను చుట్టూతా లాగే బలం, పొడవునా లాగే బలానికి రెట్టింపు. చుట్టూ లాగితే తెగేది నిలువునే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిండా కుక్కిన గోనెసంచికి చిన్న గాటు పెట్టి చూడండి, గాటు నోరు తెరుస్తుంది. అదే సంచి ఖాళీ చేసి పరిస్తే గాటు ఎక్కడుందో వెతుక్కోవాలి. పీవీసీ పైపు మీద నిలువు పగులు కూడా అంతే. ఒత్తిడి పెరిగితే పగులు వెడల్పవుతుంది, ఒత్తిడి తగ్గితే మూసుకుంటుంది. అంటే ఒత్తిడి రెండు విధాల నష్టం చేస్తుంది: నీటి వేగాన్ని పెంచుతుంది, దారినీ వెడల్పు చేస్తుంది. గుండ్రటి చిల్లుకైతే ఒత్తిడి రెట్టింపైనా నీరు 1.4 రెట్లే పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ వర్గమూలం పనిచేస్తుంది. నోరు తెరిచే పగులుకైతే దాదాపు 2.8 రెట్లు పెరగొచ్చు. 1994లో జాన్ మే అనే బ్రిటిష్ ఇంజినీరు ఈ సంగతిని స్పష్టంగా సూత్రంలో పెట్టాడు. లీకులో స్థిరంగా ఉండే వైశాల్యం ఒక భాగం, ఒత్తిడితో మారే వైశాల్యం ఇంకో భాగం అని విడదీశాడు. తర్వాత దక్షిణాఫ్రికాలో పీవీసీ, ఆస్‌బెస్టాస్, ఉక్కు పైపుల మీద ప్రయోగాలు చేసి కొలిచి చూశారు. ఉక్కు పైపు మీద గుండ్రటి చిల్లు టోరిచెల్లి చెప్పినట్టే నడిచింది, పీవీసీ మీద నిలువు పగులు మాత్రం మే చెప్పిన దారిన పోయింది.

దీన్ని తిరగేసి చూడండి, ఎంత మేలో. ఒత్తిడి సగానికి తగ్గిస్తే చిల్లు లీకు 71 శాతానికి వస్తుంది. పగులు లీకైతే 35 శాతానికే దిగిపోతుంది. ఒక్క గజం తవ్వకుండా, ఒక్క పైపు మార్చకుండా! రాత్రిపూట వాల్వు కాస్త తిప్పి ఒత్తిడి తగ్గించడం కన్నా చవకైన మరమ్మతు నాకు తెలిసినంతలో ఇంకోటి లేదు.

ఈ సంగతి మన దక్కన్‌కు కొత్తదేమీ కాదు. బిజాపుర్‌లో ఆదిల్‌షాహీల నాటి నీటి బురుజులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, గంజ్ అంటారు వాటిని. తొర్వి నుంచీ, బేగం తలాబ్ నుంచీ మట్టి గొట్టాల్లో ఊళ్లోకి నీళ్లు తెచ్చేటప్పుడు దారిలో అక్కడక్కడా ఈ బురుజులు కట్టారు. నీరు బురుజు పైకెక్కి, అక్కడ గాలి తగిలి, మళ్లీ కిందికి దిగి ముందుకు సాగుతుంది. దాంతో గొట్టంలో ఒత్తిడి ఒక హద్దు దాటదు, ఒండ్రు కూడా అక్కడే పేరుకుంటుంది. కాల్చిన మట్టి గొట్టం ఎంత ఒత్తిడికి ఆగుతుందో వాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. ఇవాళ మనం వేలకు వేలు పోసి కొనే ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు చేసే పని ఆ బురుజు చేసింది, అదీ తిరిగే భాగం ఒక్కటీ లేకుండా. నేను ఆ బురుజుల ముందు నిలబడినప్పుడు నాకు గోల్‌గుంబజ్ కన్నా అవే ఎక్కువ గొప్పగా కనిపించాయి.

మా బీదర్‌లోనూ ఉంది అలాంటి పాత నీటి ఏర్పాటు, కానీ పద్ధతి పూర్తిగా వేరు. నౌబాద్ దగ్గర బహమనీల కాలం నాటి కరేజ్ చూసే ఉంటారు. పదిహేనో శతాబ్దంలో ఇరాన్ పద్ధతిలో ఎర్రరాయిని తొలిచి చేసిన సొరంగం, రెండు కిలోమీటర్లకు పైగా పొడవు, పైన గాలికీ వెలుతురుకూ బావుల్లాంటి నిలువు దారులు. అందులో ఒత్తిడి లేదు. సన్నటి వాలు మీద నీరు తనంతట తాను నడుస్తుంది. మన పైపులో పగులు నీటిని బయటికి పంపితే, కరేజ్‌లో రాతి సందులు నీటిని లోపలికి తెస్తాయి. అక్కడ ఊటే రాబడి. 2014లో ప్రపంచ స్మారకాల నిఘా జాబితాలో బీదర్ పాతనగరానికి చోటు దక్కినప్పుడు ఆ సొరంగం మీద మళ్లీ పదిమంది కళ్లు పడ్డాయి.

ఆ ఎర్రరాయి సంగతి మా లీకులకూ ముఖ్యమే. బీదర్ పీఠభూమి మీద పైపొర లాటరైట్. సందులున్న రాయి, నీటిని నిలవనివ్వదు. దాని కింద నల్లరాయి నీటిని ఆపుతుంది. నల్లరేగడిలో పైపు పగిలితే పైన బురద తేలుతుంది, గేదెలు వచ్చి పడుకుంటాయి, ఊరందరికీ తెలుస్తుంది. ఎర్రమొరంలో పగిలితే నీరు పైకి రాదు, నేరుగా కిందికి దిగిపోతుంది. పైన దుమ్ము లేస్తూనే ఉంటుంది. కాబట్టి మా దగ్గర తడి కనిపించలేదంటే లీకు లేదని అర్థం కాదు. నల్లరేగడికి మాత్రం ఇంకో తెగులుంది. వేసవిలో ఎండి ముడుచుకుంటుంది, వానల్లో ఉబ్బుతుంది. ఏటా అలా పైపును అటూ ఇటూ లాగి పైపులను అతికే కాలర్ల దగ్గర ఊడబెరుకుతుంది.

ఇప్పుడు వెంట్రుకవాసి పగులు సంగతి. పగులు మరీ సన్నగా, మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు వెడల్పుంటే టోరిచెల్లి సూత్రం అలాగే వాడకూడదు. అంత ఇరుకు దారిలో నీరు రెండు గోడలనూ రాసుకుంటూ జారుతుంది, రాపిడే రాజ్యమేలుతుంది. అక్కడ వెడల్పు రెట్టింపైతే నీరు ఎనిమిది రెట్లవుతుంది, వెడల్పు సగమైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 5 మిల్లీమీటర్ల మందమున్న గోడలో, 5 సెంటీమీటర్ల పొడవు, 0.05 మిల్లీమీటరు వెడల్పు ఉన్న పగులుకు, అదే 15 మీటర్ల ఎత్తుకు లెక్కకడితే రోజుకు వెయ్యి లీటర్ల పైన వస్తుంది. వెడల్పు 0.025కు తగ్గితే నూట అరవై లీటర్ల దగ్గరికి వస్తుంది. అందుకే పగులు పొడవు ఎంతో కొలిచి చెప్తే నాకు తృప్తి ఉండదు. పొడవు టేపుతో తెలుస్తుంది, కానీ కథ నడిపేది వెడల్పు. ఇంకో ముచ్చట: ఇంత సన్నటి దారిలో నీటి వెచ్చదనం కూడా లెక్కకొస్తుంది. 20 డిగ్రీల నీటి కన్నా 40 డిగ్రీల నీటికి జిగట మూడో వంతు తక్కువ. ఎండలో కాలే బయటి పైపుకు మధ్యాహ్నం లీకు, తెల్లవారుజాము లీకు ఒకటి కావు.

ఇక పెద్ద పైపుల దగ్గరికి వస్తే అంకెలు భయపెడతాయి. మంజీర నీళ్లను హైదరాబాద్‌కు చేర్చే లైన్లలో మనిషి వంగి నడవగలిగేంత పైపులున్నాయి, 1,500 మిల్లీమీటర్ల వ్యాసం. చాలావరకు తీగలు బిగించి పోసిన కాంక్రీటు పైపులు, పీఎస్సీ అంటారు. లోపలి తీగ తుప్పు పడితే కాంక్రీటును పట్టి ఉంచే బిగువు సడలుతుంది, పగులు పడుతుంది. పంపు నెట్టే ఒత్తిడి 60 మీటర్లనుకోండి. చిటికెన వేలి గోరంత, ఒక చదరపు సెంటీమీటరు సందు చాలు. సెకనుకు 2 లీటర్లు, రోజుకు లక్షా డెబ్బై ఎనిమిది వేల లీటర్లు. హైదరాబాద్ వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకర్లు 35కు పైగా అవుతాయి. పేపర్లో "లీకేజీ మరమ్మతుల కోసం నీటి సరఫరా నిలిపివేత" అన్న చిన్న వార్త చూసినప్పుడు ఒకరోజు నీళ్లు రావని చిరాకుపడతాం. నాకు మాత్రం ఆ వార్త చూస్తే సంతోషమే. ఎవరో వెతికారు, ఎవరో కనుక్కున్నారు, ఎవరో ఆ గోతిలోకి దిగారు.

లీకు అంటే నీరు బయటికి పోవడమే అనుకుంటే సగం కథే తెలిసినట్టు. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అయ్యేటప్పుడు లోపల ఒత్తిడి బయటి కన్నా తగ్గుతుంది. అప్పుడదే పగులు బయట ఉన్నదాన్ని లోపలికి పీలుస్తుంది. పక్కనే మోరీ ఉంటే మోరీ నీళ్లను పీలుస్తుంది. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో తాగునీటి లైన్లలో మురుగు కలిసి వందలమంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. నీటి నష్టాన్ని లీటర్లలో లెక్కపెట్టడం ఎంత అవసరమని నేను గొంతు చించుకుంటున్నానో, ఈ నష్టానికి లీటర్లు చాలవని కూడా అంతే గట్టిగా చెప్పాలి.

పగులులోంచి ఎంత పోతుందో ముందే లెక్కకట్టి, ఆ లెక్క మీదే ప్రాణాలను నిలబెట్టుకునే చోటు ఒకటుంది: అణువిద్యుత్ కేంద్రం. అక్కడ పైపుల్లో నీరు సుమారు 300 డిగ్రీల వేడి మీద, మన పల్లె లైనుకు అరవై డెబ్బై రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. అంత వేడి నీరు పగుల్లోంచి వస్తూ వస్తూ సగం దారిలోనే ఆవిరవుతుంది, దాంతో లెక్క చాలా జటిలమవుతుంది. హెన్రీ, ఫౌస్కే అన్న ఇద్దరు 1970ల మొదట్లో దానికి దారి చూపారు. అణువిద్యుత్ ఇంజినీర్ల ఆలోచన తీరు నాకు ఎంతో నచ్చుతుంది: పైపు ఒక్కసారిగా తెగిపోకముందే లీకు రూపంలో హెచ్చరిక రావాలి. ఏ పొడవు పగులుకు ఎంత లీకవుతుందో లెక్కకట్టి, అందులో పదో వంతు లీకును కూడా పసిగట్టే పరికరం పెడతారు. 2016 మార్చి 11న గుజరాత్‌లోని కాక్రాపార్ మొదటి యూనిట్‌లో ఇంధనం ఉండే ఒత్తిడి గొట్టమొకటి లీకైంది. లీకు తెలిసింది, రియాక్టరు ఆగింది. అలాంటి గొట్టాలు తయారయ్యేది మన హైదరాబాద్‌లోనే, అణు ఇంధన సముదాయంలో. ఎక్కడో జరిగే పని కాదిది.

లీకు కొలవకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా మనదే, దాన్ని దాటవేయలేను. 2014 జూన్ 27 తెల్లవారుజామున అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపు, తుప్పు తిన్న చోట తెగింది. గ్యాస్ ఊరంతా కమ్ముకుంది, నిప్పు అంటుకుంది, ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు మాడి నిలబడ్డ ఫోటోలు మీకూ గుర్తుండే ఉంటాయి. గ్యాస్‌కు నీటి సూత్రం పనికిరాదు. ఒత్తిడి ఎక్కువున్నప్పుడు చిల్లు దగ్గర గ్యాస్ ధ్వని వేగంతో వస్తుంది, అంతకు మించి పోలేదు. అక్కడి నుంచి లీకు ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి కాక, ఒత్తిడితో సమానంగా పెరుగుతుంది. పైగా నీరు పోతే చెమ్మైనా మిగుల్తుంది, గ్యాస్ పోయిన చోట గుర్తు కూడా ఉండదు.

సరే, మన ఊరి లెక్క ఎలా కట్టాలో ఇప్పుడు చెప్తాను. బగ్దల్‌కు దగ్గర్లోనే ఒక పల్లె, పేరెందుకు. అక్కడ నీళ్లు వదిలే నీరుగంటి నాకు బాగా దోస్తు. ట్యాంకు నిండట్లేదని రోజూ తిట్లు తినేది ఆయనే. "లీకుంది సారూ, ఉన్నట్టే ఉంది. గానీ యాడ తవ్వాలె? ఊరంతా తిరిగిన, ఒక్కకాడ తడి లేదు" అన్నాడు. తవ్వకముందు కొలుద్దాం అన్నాను. చలికాలం రాత్రి, అందరూ పడుకున్నాక ట్యాంకెక్కాం. కావలసిన సామాను ఒక స్టీలు టేపు, దాని కొసకు కట్టడానికి బరువైన నట్టు, ఒక సుద్దముక్క, టార్చి, గడియారం. టేపు మీద సుద్ద దట్టంగా రుద్ది మూతలోంచి నీళ్లలోకి దించాలి. పైకి లాగి చూస్తే నీరు తగిలినంత మేర సుద్ద తడిసి రంగు మారి గీత స్పష్టంగా కనిపిస్తుంది. చీకట్లో, లోపలికి తొంగిచూడలేని ట్యాంకులో మట్టాన్ని మిల్లీమీటర్లలో పట్టిచ్చే ఇంత తేలికైన ఉపాయం నాకు తెలిసినంతలో ఇంకోటి లేదు.

ముందు ట్యాంకు నుంచి ఊళ్లోకి పోయే వాల్వు పూర్తిగా కట్టేసి గంట ఆగాం. మట్టం కదల్లేదు. అంటే ట్యాంకు గోడలు మంచివే, లీకు ట్యాంకులో లేదు. ఈ మెట్టు వదిలేసినవాళ్లు ఆ తర్వాత ఊరంతా అనవసరంగా తవ్వుకుంటారు. తర్వాత వాల్వు తెరిచి, లైను నిండేదాకా ఆగి, గాలి పోయేదాకా ఆగి, అప్పుడు మొదటి గీత చూసుకున్నాం. తలకాయలు ఊడిన కొళాయిలకు నీరుగంటి సాయంత్రమే చెక్క బిరడాలు కొట్టి వచ్చాడు, ఇంటింటికీ చెప్పి వచ్చాడు. ఆ పని మా టేపు కన్నా పెద్దది. ఊరు సహకరించకపోతే ఈ లెక్క లెక్కే కాదు.

మూడు గంటల్లో మట్టం 9 సెంటీమీటర్లు పడింది. ట్యాంకు లోపలి వ్యాసం 5 మీటర్లు కాబట్టి ఒక సెంటీమీటరంటే 196 లీటర్లు. మొత్తం 1,760 లీటర్ల పైచిలుకు, గంటకు సుమారు 590 లీటర్లు. "గంటకు దగ్గర దగ్గర నలభై బిందెలా?" అని నీరుగంటి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆయన బిందె 15 లీటర్లది, లెక్క సరిగ్గానే కట్టాడు.

ఊరికి నీళ్లు రోజుకు రెండు గంటలే వదులుతారు. ఆ లెక్కన రోజుకు పోయేది 1,180 లీటర్ల దాకా. చిన్నదిగా అనిపిస్తే ఏడాదికి చూడండి: 4 లక్షల 30 వేల లీటర్లు. ఆ నీళ్లను బోరులోంచి పైకి లాగడానికి కాల్చిన కరెంటు వేరే.

ఎక్కడ పోతోందో తేల్చడానికి వీధి వాల్వులు ఒక్కొక్కటే కట్టుకుంటూ పోయాం. ఒక్కో వాల్వు కట్టాక మళ్లీ టేపు, మళ్లీ గీత. గుడి వైపు వాల్వు కట్టినా తేడా లేదు. చెరువుగట్టు వైపుదీ అంతే. బడి వెనక వీధి వాల్వు కట్టగానే ట్యాంకులో మట్టం దాదాపు ఆగిపోయింది. ఇక ఆ వీధిలో ఇనుప పైపు అయితే పలుగు కొసను పైపు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే సన్నటి 'సుయ్'మనే చప్పుడు వినబడేది. ప్లాస్టిక్ పైపు ఆ చప్పుడును ఎంతో దూరం మోయదు. అందుకని కాలర్లు, ఇంటి కనెక్షన్లకు పైపు మీద బిగించే సాడిళ్లు ఉన్నచోట్లే పలుగుతో పొడిచి చూసుకుంటూ వెళ్లాం. లీకులు ఎక్కువగా అక్కడే ఉంటాయి. ఒకచోట మొరం పైన పొడిగానే ఉంది, మూరెడు లోతున పలుగు మెత్తగా దిగింది.

మర్నాడు తవ్వారు. 90 మిల్లీమీటర్ల పైపు కింద కంకర రాయి ఒకటి, పైపు వేసినప్పుడు ఇసుక పరవకుండా వదిలేసింది. ఇన్నేళ్లూ పైపు ఆ రాయి మీద ఆని కూర్చుంది. సరిగ్గా దాని మీద నిలువునా ఆరు సెంటీమీటర్ల పగులు. అప్పటికి వాల్వు కట్టేసి ఉంది. పగులు మీద గోరు రాసి చూశాను, గోరు పట్టలేదు. నీరుగంటి నమ్మలేదు. "ఇంత గీతలకెల్లి నలభై బిందెలు ఎట్ల పోతయి సారూ?" అన్నాడు. వాల్వు తెరవమన్నాను. తెరిచాక ఆ గీత మెల్లగా విడివడింది, నీళ్లు పలచటి రేకులా పైకి లేచి మా ఇద్దరినీ తడిపేశాయి. గోతి ఒడ్డునే కాగితం మీద లెక్క వేసి చూపించాను: ట్యాంకు మట్టం పైపు కన్నా 14 మీటర్లు పైన, నీటి వేగం సెకనుకు పదహారున్నర మీటర్లు, గంటకు 590 లీటర్లు పోవాలంటే పగులు సగటున పావు మిల్లీమీటరు కన్నా కాస్త ఎక్కువ తెరుచుకుంటే చాలు. కంటికి కనబడ్డ రేకు మందం కూడా అంతే ఉంది.

సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తీగ బిగిద్దామని ఒకాయన అన్నాడు. అది చాలా ఊళ్లలో చేసేదే, వారం రోజులు ఆగుతుంది కూడా. నీరుగంటి ఒప్పుకోలేదు. పగులుకు అటూ ఇటూ జానెడు వదిలి పైపు కోయించాడు, కొత్త ముక్క పెట్టి రెండు కాలర్లతో అతికించాడు. రాయి తీసేసి, ఇసుక పరిచి, దాని మీద పైపును పడుకోబెట్టి పూడ్చాడు. ఆ రాత్రి మళ్లీ టేపు దించాం. మూడు గంటల్లో ఒక సెంటీమీటరు కన్నా తక్కువే పడింది. అంటే గంటకు అరవై అయిదు లీటర్ల లోపు. ఇంకా ఎక్కడో చిన్నవి ఉన్నాయన్నమాట. బహుశా సాడిళ్ల దగ్గర.

ఆయన తన నోటుబుక్కులో తేదీ వేసి, పాత అంకె పక్కన కొత్త అంకె రాసుకున్నాడు. తర్వాత నా చేతిలోని టేపు వైపు చూసి, "అది నా కాడ్నే ఉండనియ్యి సారూ. నెలకొకపారి నేనే సూస్త. పైన బోరు నుంచి ట్యాంకుకొచ్చే లైను కూడా ఇట్లనే కొలవొచ్చా?" అన్నాడు. కొలవొచ్చు. దానికి బోరు దగ్గర ఒక మీటరు, ట్యాంకు దగ్గర ఒక సుద్దముక్క ఉంటే చాలు. పంపు నడిచిన గంటసేపు అక్కడ ఎన్ని లీటర్లు బయల్దేరాయో, ఇక్కడ ఎన్ని చేరాయో చూస్తే తేడా తేలిపోతుంది.